పెరటి చెట్టు మందుకు పనికిరాదట!

మా రోజుల్లో పార్టీ ఆఫీసుకు టీ తెచ్చే కుర్రాడికి కూడా మా అభ్యర్థి ఎవరో నెల ముందే తెలిసేది. ఇప్పుడు నామినేషన్లకు చివరి రోజు వచ్చినా మండల అధ్యక్షుడికి తెలియదు. ఒక్కోసారి అభ్యర్థికే తెలియదు. పొద్దున పది గంటలకు ఒకాయన డప్పులతో, దండలతో ఊరేగింపుగా బయలుదేరతాడు. పన్నెండింటికి ఫోనొస్తుంది. ఒంటిగంటకు ఇంకొకాయన కారు దుమ్ము లేపుకుంటూ వచ్చి దిగుతాడు. నిన్న సాయంత్రం దాకా ఆయన మెడలో వేరే రంగు కండువా. ఇవాళ చేతిలో మా పార్టీ బీ-ఫారం. మధ్యాహ్నం మూడు గంటల్లోపు ఆ కాగితం రిటర్నింగ్ అధికారికి అందాలి, అదీ పార్టీ పెద్ద సిరాతో పెట్టిన సంతకంతో. ఆ మూడు గంటల గడువు ఎన్నికల సంఘం పెట్టింది కాబట్టి సరిపోయింది. మా వాళ్ళ చేతిలో ఉంటే పోలింగ్ మర్నాడు కూడా అభ్యర్థిని మార్చేవాళ్ళు.

సాయంత్రానికి మాకు పని పడుతుంది. పొద్దున కట్టిన ఫ్లెక్సీలు విప్పి కొత్త మొహం ఉన్నవి కట్టాలి. జిందాబాద్ అలాగే ఉంచి, దాని ముందు పేరు మార్చుకుని అరవాలి. గొంతు మాదేగా, ఎవరి కోసమైనా పోతుంది.

"మావయ్యగారు మళ్ళీ మొదలెట్టారు" అని మా కోడలు వంటింట్లోంచి అంటూనే ఉంటుంది. మొదలెట్టానమ్మా. ఎవరో ఒకరు మొదలెట్టాలిగా!

మాది పల్నాడు, సత్తెనపల్లి పక్క పల్లె. పార్టీ పేరు మాత్రం చెప్పను. మీది ఏ పార్టీ అయితే అదే అనుకోండి, ఒక్క అక్షరం మార్చక్కర్లేదు.

మా రోజుల్లో ఎమ్మెల్యే అభ్యర్థి ఆకాశం నుంచి ఊడిపడేవాడు కాదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చాక దానికో దారి ఏర్పడింది. ముందు వార్డు మెంబరు, తర్వాత సర్పంచి, ఆ తర్వాత సమితి ప్రెసిడెంటు, అప్పుడు ఎమ్మెల్యే. ఒక్కో మెట్టు మీద నాలుగైదేళ్ళు నిలబడాల్సిందే. ఈలోపు ఆ మనిషి ఎన్ని తగువులు తీర్చాడో, ఎన్ని పెట్టాడో, ఎవరి గట్టు ఎవరి చేలో కలిపాడో, బావమరిదికి సిమెంటు పర్మిట్ ఇప్పించాడో లేదో, అన్నీ ఊరికి కంఠతా వచ్చేవి. మంచివాడని ఓటేసేవాళ్ళం కాదు. వాడి చెడు ఎంతవరకో కూడా తెలుసు కాబట్టి వేసేవాళ్ళం. తెలియనివాడి మంచికంటే తెలిసినవాడి చెడు నయమని మా పెద్దవాళ్ళ లెక్క.

ప్రచారమా? గోడకు సున్నం కొట్టడం, దాని మీద నీలిమందుతోనో ఎర్రమట్టితోనో గుర్తు వేయడం. కాడెద్దులో, కంకీ కొడవలో. తాలూకా మొత్తానికి ఒక జీపు, ఒక మైకు. జీపు చెడిపోతే అభ్యర్థి సైకిలెక్కేవాడు, లేకపోతే మా సైకిల్ వెనక కూర్చునేవాడు. దారిపొడుగునా మాట్లాడకుండా ఎలా ఉంటాడు? అట్లా కూర్చున్నవాడికి మేం చెప్పేది వినక తప్పేది కాదు. ఇప్పుడు ఏసీ కారు అద్దం దించి చెయ్యి ఊపుతాడు. ఆ చేతికి మనం ఏం చెప్పగలం?

పేర్లు చెప్పమంటారా, చెబుతాను. మా సత్తెనపల్లి మనిషే వావిలాల గోపాలకృష్ణయ్యగారు. 1952, 55, 62, 67, వరసగా నాలుగుసార్లు మా తాలూకా ఆయన్ని అసెంబ్లీకి పంపింది. పెద్ద పార్టీ బలగం లేదు, స్వతంత్రుడు. గ్రంథాలయాల కోసం, నందికొండ ప్రాజెక్టు కోసం కాళ్ళరిగేలా తిరిగినవాడు. ఆ ప్రాజెక్టే ఇవాళ్టి నాగార్జునసాగర్. దాని కుడికాలువ నీళ్ళతో మిర్చి పండించుకుంటున్న మాకు ఆయన ఎవరో ఎవరూ చెప్పక్కర్లేదు. నల్గొండ చూడండి. భువనగిరి దగ్గర బొల్లేపల్లి మనిషి రావి నారాయణరెడ్డి. 1952లో ఆయన కమ్యూనిస్టు పార్టీ మీద హైదరాబాద్ రాష్ట్రంలో నిషేధం. పీపుల్స్ డెమొక్రాటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో లోక్‌సభకు నిలబడితే 3 లక్షల పైచిలుకు ఓట్లు, నెహ్రూ తెచ్చుకున్న వాటికంటే ఎక్కువ. అనంతపురం చూడండి. అదే ఏడు తరిమెల నాగిరెడ్డి జైల్లో ఉండి పోటీచేసి, అప్పటికే పెద్ద నాయకుడైన సొంత బావ నీలం సంజీవరెడ్డిని ఓడించాడు. జైల్లో ఉన్నవాడు ఇంటింటికీ ఎలా తిరుగుతాడు? అంతకుముందే తిరిగి ఉన్నాడు, అదీ సంగతి.

"స్థానికుడంటే ఆ ఊళ్ళో పుట్టినవాడేనా?" అని లా పాయింటు తీస్తారు కొందరు. కాదు. పుచ్చలపల్లి సుందరయ్యగారు పుట్టింది నెల్లూరు జిల్లా అలగానిపాడులో. ఎమ్మెల్యేగా గెలిచింది కృష్ణా జిల్లా గన్నవరం నుంచి, 1955, 1962, 1978 ఎన్నికల్లో. ఆయన్ని అక్కడ బయటివాడని ఎవరంటారు? అక్కడి రైతులూ కూలీలూ ఆయన్ని ఎన్నికలప్పుడు మొదటిసారి చూడలేదు. నర్సంపేటలో మద్దికాయల ఓంకార్ ఐదుసార్లు, ఇల్లెందులో గుమ్మడి నర్సయ్య ఐదుసార్లు గెలిచారు. నర్సయ్య మాజీ అయ్యాక కూడా సైకిల్ మీదా ఆర్టీసీ బస్సులోనూ కనిపించేవాడని ఇప్పటి పిల్లలు ఫోనుల్లో వింతగా చూపించుకుంటారు. వింతేముంది? ఆ బస్సులోనేగా ఆయన ఓటర్లు ఎక్కేది. పుట్టుక చూడమనట్లేదు నేను. పనిచేసిన చోట నిలబెట్టండి, పనిచేసినవాణ్ణి నిలబెట్టండి అంటున్నాను.

మా రోజులన్నీ బంగారమని బొంకను. అప్పుడూ పెద్ద ఇళ్ళవాళ్ళే టికెట్లు తన్నుకుపోయేవాళ్ళు. జెండా మోసింది ఒక కులం, పల్లకి ఎక్కింది ఇంకో కులం అనే మాట అప్పుడూ నిజమే. ఢిల్లీ నుంచి వచ్చి వాలినవాళ్ళూ ఉన్నారు. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పోటీచేయలేదా? 1991లో ప్రధాని అయ్యాక పీవీగారు నంద్యాల ఉపఎన్నికలో నిలబడలేదా? వరంగల్లో పుట్టి, మంథనిలో ఎదిగి, మహారాష్ట్ర రాంటెక్ దాకా వెళ్ళొచ్చిన మనిషి ఆయన. సరే, ప్రధానమంత్రి పీఠానికి సీటు కావాలంటే ఎవరైనా జరిగి కూర్చుంటారు. ఇప్పుడు దిగుతున్నవాళ్ళు ప్రధానులా? ఒకాయన కాంట్రాక్టరు, ఒకాయన కాలేజీల ఓనరు, ఇంకొకాయనకు రియల్ ఎస్టేట్ వెంచరు. వీళ్ళకెందుకయ్యా జరగాలి?

మా మనవడిది హైదరాబాద్‌లో ఏదో సర్వే కంపెనీలో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చినప్పుడు నాకు పాఠం చెప్పాడు.

"తాతయ్యా, ఇప్పుడు అన్నీ డేటానే. మీ పార్టీ కార్యకర్త రమణ బాబాయి పేరు మీద ఫోన్ సర్వే చేస్తే నాలుగు మండలాల్లో ఆయన్ని ఎవరూ గుర్తుపట్టట్లేదు. అవతలాయన్ని అందరూ గుర్తుపడతారు."

"ఎందుకు గుర్తుపట్టరురా? రోడ్డంతా ఆయన ఫ్లెక్సీలేగా!"

"అదే కదా తాతయ్యా, విజిబిలిటీ."

"ఒరేయ్, రమణగాణ్ణి గుర్తుపట్టరు నిజమే. కాలువ టెయిల్ ఎండ్‌కు నీళ్ళు రాకపోతే ఏ మేజర్ మీద ఏ తూము దగ్గర గండి పడిందో అర్ధరాత్రి వెళ్ళి చూసొచ్చేది వాడు. మీ ఫోన్ సర్వేలో తూముకు ఓటుందా?"

వాడు నవ్వి ఊరుకున్నాడు. వాడి జీతం అట్లాంటి నవ్వుల మీదే నడుస్తుంది.

పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత. పార్టీలన్నీ దాన్ని రాజ్యాంగంలా పాటిస్తున్నాయి. ఇంట్లో ఉన్నవాడి విలువ ఇంటివాళ్ళకు కనబడదు. ఓటరుకు మాత్రం ఒక్కోసారి బాగా కనబడుతుంది. 1989లో ఎన్టీ రామారావుగారు ముఖ్యమంత్రి హోదాలో హిందూపురంతోపాటు కల్వకుర్తి నుంచీ పోటీచేశారు. అంతటి మనిషిని కల్వకుర్తి వాళ్ళు పక్కనపెట్టి అక్కడి కాంగ్రెస్ నాయకుడు చిత్తరంజన్‌దాస్‌ను గెలిపించుకున్నారు. ఎన్టీఆర్‌ను చూడ్డానికి జనం రాలేదనా? వచ్చారు. చూశారు. ఓటు ఇంకొకరికి వేశారు. 2023లో కామారెడ్డి సంగతి ఇంకా తాజాగానే ఉంది. ఒక పక్క పదేళ్ళు ముఖ్యమంత్రిగా ఉన్న కేసీఆర్, ఇంకో పక్క నాలుగు రోజుల్లో ముఖ్యమంత్రి కాబోతున్న రేవంత్‌రెడ్డి. ఇద్దరికీ అది రెండో సీటే. మాస్టర్ ప్లాన్‌లో భూములు పోతాయని రైతులు రోడ్డెక్కినప్పుడు వాళ్ళతో నిలబడ్డ స్థానికుడు కాటిపల్లి వెంకటరమణారెడ్డి బీజేపీ తరఫున ఇద్దర్నీ ఓడించాడు. 6,741 ఓట్ల తేడా. టీవీల వాళ్ళు దాన్ని సంచలనమన్నారు. రైతు రోడ్డు మీద కూర్చున్నప్పుడు పక్కన ఎవరు కూర్చున్నారని అడిగి ఉంటే సంచలనం అక్కర్లేకపోయేది.

మా రాష్ట్రానికొద్దాం. 2024 ఎన్నికల ముందు వైఎస్సార్ కాంగ్రెస్ వాళ్ళు తమ సిట్టింగు ఎమ్మెల్యేల్ని, మంత్రుల్ని సైతం, ఉద్యోగుల బదిలీల్లా ఒక నియోజకవర్గం నుంచి ఇంకో నియోజకవర్గానికి మార్చారు. చిలకలూరిపేట మంత్రిని గుంటూరు పశ్చిమకు, యర్రగొండపాలెం మంత్రిని కొండపికి. ఇద్దరూ ఓడిపోయారు. 2019లో 151 సీట్లు తెచ్చుకున్న పార్టీ 11 దగ్గర ఆగింది. బదిలీల వల్లే ఓడారని నేననను, కారణాలు సవాలక్ష. కానీ ఒక ఊళ్ళో వ్యతిరేకత మూటగట్టుకున్నవాడు పక్క ఊరికి పోతే ఆ మూట రోడ్డు మీద జారిపోతుందని అనుకున్నారు చూడండి, ఆ తెలివికి దణ్ణం పెట్టాలి. గెలిచిన కూటమిలో మాత్రం? పోలింగ్‌కు కొద్ది రోజుల ముందు కండువా మార్చి, టికెట్ పట్టి, దర్జాగా గెలిచినవాళ్ళు అక్కడా ఉన్నారు. గాలి ఉంటే బయటివాడూ గెలుస్తాడు. నేను కాదనను.

అందుకే నా గొడవ గెలుపు గురించి కాదు. గెలిచిన తర్వాత సంగతి ఏమిటని. డబ్బు ఆయనది, మనుషులు ఆయనవాళ్ళు, సర్వే ఆయన చేయించుకున్నది. గుర్తు ఒక్కటే మాది. అలాంటివాడు గెలిస్తే పార్టీకి ఏం బాకీ ఉంటాడు? టికెట్టుకు ఇవ్వాల్సింది ఇచ్చేశాననుకుంటాడు, లెక్క చెల్లు. రేపు మండల కమిటీ పిలిస్తే వస్తాడా? పార్టీ మాట తప్పితే అడిగే నోరు ఎవరికుంది? 2014, 2019 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో ప్రతిపక్షం నుంచి 23 మంది ఎమ్మెల్యేలు అధికారపక్షంలో చేరారు. తెలంగాణలో 2018లో కాంగ్రెస్ నుంచి 19 మంది గెలిస్తే, 2019 జూన్ నాటికి 12 మంది కట్టగట్టుకుని తెరాసలో విలీనమయ్యారు. ఫిరాయింపుల చట్టం 1985 నుంచీ ఉంది, 2003లో దాన్ని ఇంకాస్త బిగించారు. చట్టం బిగిసేకొద్దీ దూకేవాళ్ళు గుంపుగా దూకడం నేర్చారు. పోయినవాళ్ళంతా బయటివాళ్ళని కూడా అననులెండి, ఇంట్లో పెరిగినవాళ్ళూ పోయారు. కానీ ఇరవయ్యేళ్ళు జెండా మోసినవాడు పోవాలంటే వాడు ముందు పెళ్ళానికి సమాధానం చెప్పుకోవాలి, తర్వాత రచ్చబండ దగ్గర మాకు చెప్పుకోవాలి. వాడి ఇల్లు ఇక్కడే, వాడి పొలం ఇక్కడే, వాడి కూతురి పెళ్ళికి రావాల్సింది మేమే. చట్టం చేయలేని పని ఈ మొహమాటం చేస్తుంది.

ఇంకో కిటుకు చెబుతాను, దీన్ని పెద్దగా ఎవరూ మాట్లాడరు. బయటివాళ్ళను దించడంలో రిజర్వుడు నియోజకవర్గాలది మొదటి పీట. ఎస్సీ సీటైతే చాలు, ఎన్నికకో కొత్త మొహం. ఆ నియోజకవర్గంలో చదువుకుని, పోరాడి, పేరు తెచ్చుకున్న దళిత కార్యకర్తలు లేరా? బోలెడంతమంది. అదే అభ్యంతరం. ఊళ్ళో వేళ్ళున్నవాడు గెలిస్తే అక్కడి పెద్దరైతుల మాట వినడు. వేళ్ళు లేనివాణ్ణి తెస్తే వాడి చుట్టూ నిలబడేది వీళ్ళే, వాడు ఆనుకునేదీ వీళ్ళమీదే. ఐదేళ్ళయ్యాక ఇంకో చోటికి పంపేస్తారు. రిజర్వేషన్ కాగితం మీద ఉంటుంది, పెత్తనం పాత చోటే ఉంటుంది. మా రోజుల్లోనూ ఈ కథ ఉంది. ఇప్పటివాళ్ళు దానికి 'సామాజిక సమీకరణ' అని పేరు పెట్టి మెరుగులు దిద్దారు.

అడిగితే పైవాళ్ళు ఒకటే మాట అంటారు: "స్థానికంగా సమర్థులు లేరండీ." ఎలా ఉంటారు? మెట్లన్నీ మీరే పీకేశారుగా! కాలేజీల్లో విద్యార్థి సంఘాల ఎన్నికలు ఎనభయ్యో దశకం చివర్లోనే ఆపేశారు. మా తరం మైకు పట్టుకోవడం నేర్చింది అక్కడే. సహకార సంఘాలకు ఎన్నికలు పోయి నామినేటెడ్ కమిటీలొచ్చాయి. 1987లో మండల పరిషత్తులు కొత్తగా వచ్చినప్పుడు మండలాధ్యక్షుణ్ణి జనం నేరుగా ఎన్నుకున్నారు. మండలమంతా తిరిగి ఓటడిగినవాడు సగం ఎమ్మెల్యే అయినట్టే. తర్వాత ఆ పదవినీ పరోక్షం చేసి, ఎంపీటీసీలను బస్సెక్కించి రిసార్టుకు తోలే పద్ధతి తెచ్చారు. పంచాయతీలకు గడువు ముగిసినా ఎన్నికలు పెట్టడానికి ప్రభుత్వాలకు చేతులు రావు, ప్రత్యేకాధికారి వచ్చి కూర్చుంటాడు. ఆడవాళ్ళ సంగతి మరీ అన్యాయం. రెండు రాష్ట్రాల్లోనూ స్థానిక సంస్థల్లో సగం సీట్లు వాళ్ళవే. సర్పంచులుగా, ఎంపీపీలుగా, జడ్పీటీసీలుగా చేసి ఫైలు చదవడం, బిల్లు పెట్టడం, ఎమ్మార్వోను నిలదీయడం నేర్చినవాళ్ళు వేలమంది ఉన్నారు. అసెంబ్లీ టికెట్ల రోజున మాత్రం ఒక్కరి పేరూ ఎవరికీ గుర్తురాదు. సమర్థులు లేరట!

"డబ్బెవడు పెడతాడు?" ఇది రెండో మాట. మా రోజుల్లో అసెంబ్లీకి డిపాజిట్ 250 రూపాయలు. 1996 దాకా అంతే. అదే జేబులో లేక చందాలు పోగేసిన అభ్యర్థుల్ని నేను ఎరుగుదును. ఇప్పుడు డిపాజిట్ 10,000. ఖర్చు పరిమితి 40 లక్షలు. అసలు ఖర్చు ఎన్ని కోట్లో నేను రాస్తే నా మీద కేసు పెడతారు. సరే, 40 లక్షలే అనుకుందాం. ఆ డబ్బు పార్టీయే తన కార్యకర్తకు చెక్కు రూపంలో ఇస్తే ఏ చట్టమూ అడ్డం చెప్పదు. పార్టీ ఖజానాలో లేవా? ఆఫీసు భవనానికి అద్దాలు తొడిగారు, లిఫ్టు పెట్టారు. జెండా మోసినవాడికి ఇవ్వడానికి వచ్చేసరికి పార్టీ బీదదైపోతుంది. టికెట్ కోసం ఎదురు డబ్బు తీసుకునే అలవాటైనవాళ్ళకు తిరిగి ఇవ్వమంటే చేదుగానే ఉంటుంది.

చట్టంలో ఉన్న తమాషా చూడండి. ఊరికి సర్పంచి కావాలంటే ఆ ఊళ్ళో ఓటుండాలి. ఎమ్మెల్యేకైతే రాష్ట్రంలో ఎక్కడ ఓటున్నా చాలు. లోక్‌సభకు దేశంలో ఎక్కడున్నా సరే. రాజ్యసభకు రాష్ట్రంలో నివాసం ఉండాలన్న నియమాన్నీ 2003లో ఎత్తేశారు. పదవి పెరిగేకొద్దీ ఊరితో సంబంధం తగ్గుతూ పోతుంది. గుర్తింపు ఉన్న పార్టీ అభ్యర్థికి నియోజకవర్గం నుంచి కావాల్సింది ఒక్క ఓటరు సంతకం, ప్రతిపాదకుడిగా. చట్టం అంతకంటే అడగదు కాబట్టి ఆ పని పార్టీయే చేయాలి. సంస్థ అన్నాక దానికో సొంత నియమం ఉండొద్దూ?

నేను ఉత్తినే గొణిగి ఊరుకోవట్లేదు. మా మండల కమిటీ ముందు పెట్టడానికి తీర్మానం రాశాను. ఒకటి, కనీసం ఐదేళ్ళు సభ్యత్వం ఉన్నవాళ్ళకే టికెట్. రెండు, నియోజకవర్గంలో ఓటూ కాపురమూ రెండూ ఉండాలి. మూడు, మండల కమిటీలు రహస్య ఓటింగ్‌తో మూడు పేర్లు పంపాలి, పైవాళ్ళు ఆ ముగ్గురిలోంచే ఎంచాలి. నాలుగు, ఎన్నికలకు మూడు నెలల ముందే పేరు చెప్పాలి, మేం ఊరూరా తిరిగి పరిచయం చేసుకునే వ్యవధి ఇవ్వాలి. ఓడిపోతామంటారా? ఓడితే మా మనిషి మా ఊళ్ళోనే ఉంటాడు, మర్నాడు పొద్దున మళ్ళీ ఆఫీసు తాళం తీస్తాడు. బయటినుంచి వచ్చినవాడు ఓడితే, ఆ రాత్రికే కారు హైవే ఎక్కుతుంది.

"పైవాళ్ళు ఇవన్నీ చదువుతారా బాబాయ్?" అన్నాడు రమణ. చదవకపోవచ్చు. ప్రతిపాదకుడి సంతకం ఎవడో ఒకడు పెడతాడు, అది నాకూ తెలుసు. కానీ పోలింగ్ రోజు తెల్లవారుజామున ఐదున్నరకు మాక్ పోల్ దగ్గర నిలబడి, సాయంత్రం దాకా బల్ల వదలకుండా కూర్చుని, దొంగ ఓటు వస్తే పేరుపెట్టి అడ్డుకునే ఏజెంటు ఉంటాడే, వాణ్ణి కారులో దింపుకోవడం కుదరదు. అభ్యర్థి ఎక్కడివాడైనా చెల్లుతాడేమో, ఏజెంటు మాత్రం ఈ నియోజకవర్గం ఓటరే కావాలి. మనిషి మొహం చూసి ఫలానా సుబ్బయ్య అని చెప్పగలిగినవాడే కావాలి. అందుకని తీర్మానం కింద నాయకుల సంతకాల కోసం పోలేదు నేను. మా మండలంలో బూత్ ఏజెంట్లుగా కూర్చునేవాళ్ళ చేత పెట్టిస్తున్నాను. సగానికి పైగా అయ్యాయి. మిగతావాళ్ళు మిర్చి కల్లాల దగ్గరున్నారు, రేపు పొద్దున్నే అక్కడికే పోతున్నాను.